స్లాబు మీద గడ్డి, ఊక వేస్తే ఇల్లు చల్లబడుతుందా?

మీరు అడిగింది ఇది. హాలియా దగ్గర పల్లెలో మూడేళ్ల కింద కట్టిన స్లాబు ఇల్లు, 900 చదరపు అడుగులు. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండు దాటినా పైకప్పు నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. పొలంలో వరిగడ్డి ఉంది, మిల్లులో ఊక దొరుకుతుంది. స్లాబు మీద గడ్డి పరిచి దాని మీద జానెడు మట్టి పోద్దామని మీ నాన్నగారు, ఆ తంటాలన్నీ ఎందుకు, థర్మోకోల్ వేసి పైన టైల్స్ పరిపిద్దామని మీ తమ్ముడు అంటున్నారు. ఎవరి మాట వినాలి, చెదలు పడతాయా, నిప్పు అంటుకుంటుందా అన్నది మీ సందేహం.

నేను నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు ఇళ్ల పనులు చేయించే సివిల్ ఇంజనీరును. ఇద్దరి మాటలోనూ పస ఉంది, కానీ మీ ఇంటికి రెంటినీ ఉన్నదున్నట్టు చేయొద్దంటాను. గడ్డి, ఊక, తాటి కమ్మలు వేడిని ఆపుతాయా అంటే బ్రహ్మాండంగా ఆపుతాయి. ఆ విషయంలో అనుమానం అక్కర్లేదు. పొడిగా ఉన్నంతకాలమే ఆపుతాయి, చిక్కంతా అక్కడే. కాబట్టి ఏ పదార్థం వేయాలన్న దానికన్నా, వేసింది తడవకుండా ఎక్కడ పెట్టాలన్నదే మీరు ఎక్కువ ఆలోచించాల్సిన సంగతి.

ముందు వేడి ఎటు నుంచి వస్తోందో చూద్దాం. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి పక్షంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అంటే ఎండాకాలంలో దెబ్బ తినేది ముఖ్యంగా కప్పే. ఆ తర్వాత పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ. దక్షిణం గోడ మీద మే నెలలో ఎండ దాదాపు పడదు. అందుకే ఇల్లంతా ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, చేయిస్తామని ఎవరైనా కొటేషన్ ఇస్తే, కప్పుకు ఎంత, పడమటి గోడకు ఎంత అని విడివిడిగా అడగండి. మిగతాది మన దగ్గర చాలావరకు దండగ ఖర్చు.

ఎండకు నల్లబడ్డ సిమెంటు స్లాబు పై ముఖం మధ్యాహ్నానికి 60 డిగ్రీల దాకా పోతుంది. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల బరువు ఉంటుంది. ఆ బరువంతా వేడిని తాగి, మూడు నాలుగు గంటలు ఆలస్యంగా కింది వైపు వదలడం మొదలుపెడుతుంది. మీకు రాత్రి పదకొండుకు తగిలే సెగ మధ్యాహ్నపు ఎండే. స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేసి దాని మీద ఊక పోస్తే గదిలోకి సెగ తగ్గే మాట నిజమే. కానీ స్లాబు మాత్రం పైన కాలుతూనే ఉంటుంది, పైగా సీలింగ్ సందులో ఎలుకలకు కాపురం దొరుకుతుంది. ఏసీ గది ఒక్కటి ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. మామూలు ఇంటికి ఆపాల్సింది పైనే, ఎండ స్లాబును తాకక ముందే.

గడ్డీ ఊకా వేడిని ఎలా ఆపుతాయంటే, నిజానికి ఆపేది వాటిలో చిక్కుకున్న కదలని గాలి. చలికాలం దుప్పటి చేసేదీ ఇదే పని, కాకపోతే ఇక్కడ వేడి బయటి నుంచి లోపలికి వస్తోంది. లెక్కలు చెప్తాను, ఒక్కసారి ఓపికపట్టండి. వేడిని దాటనిచ్చే గుణాన్ని ఇంజనీర్లు ఒక అంకెతో కొలుస్తారు. కాంక్రీటుకు అది 1.58, ఇటుక గోడకు 0.7 దగ్గర. పొడి ఊకకు 0.05 నుంచి 0.06, గడ్డి కట్టలకు 0.05 నుంచి 0.08, కొబ్బరి పీచుకు 0.04 నుంచి 0.05, థర్మోకోల్‌కు 0.035 నుంచి 0.04. కదలని గాలికి 0.025. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. అంటే నాలుగంగుళాల ఊక, వేడిని ఆపే విషయంలో రెండున్నర మీటర్ల మందం కాంక్రీటుకు తక్కువేం కాదు. థర్మోకోల్ దానికన్నా కొంచెం మెరుగు, అంతే. మూడంగుళాల థర్మోకోల్ చేసే పని నాలుగంగుళాల పైచిలుకు ఊక చేస్తుంది.

ఇప్పుడు ఇదే లెక్కలో నీటి అంకె చూడండి, 0.6. గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరితే వేడి దాటడం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తడిసిన గడ్డి వేడిని ఆపదు, కుళ్లుతుంది, బూజు పడుతుంది, కింద స్లాబుకు చెమ్మ పట్టించి లోపలి ఇనుముకు తుప్పు తెప్పిస్తుంది. తేమ 15 శాతం లోపు ఉంటే గడ్డి ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, 20 దాటితే పాడవడం మొదలు. గడ్డివాము లోపలి గడ్డి రెండేళ్లయినా పచ్చగా ఉండి, పైన అరడుగు మాత్రం నల్లబడటం మీరు చూసే ఉంటారు.

చాలామంది స్లాబు మీద గడ్డి పరిచి రోజూ నీళ్లు కొడతారు. దానివల్ల చల్లబడేది ఇన్సులేషన్ వల్ల కాదు, నీరు ఆవిరై వేడిని పట్టుకుపోవడం వల్ల. రెండూ వేర్వేరు పద్ధతులు, కలిపితే రెండూ చెడతాయి. నీళ్లతో చల్లబరచుకోవాలంటే కిటికీకి వట్టివేరు తడక కట్టి తడపండి. మన పొడి ఎండలకు అది చక్కగా పనిచేస్తుంది, స్లాబుకు హానీ లేదు. బోర్లు ఎండిపోయే కాలంలో స్లాబు తడపడానికి నీళ్లెక్కడివన్నది ఇంకో ప్రశ్న.

మీ నాన్నగారి మాటకు వస్తాను. ఆయన చెప్పేది పాలమూరు మిద్దెల పద్ధతి. దూలాల మీద దంతెలు (అడ్డంగా వేసే సన్నటి కర్రలు), వాటి మీద చెక్కలో బండలో, ఆ పైన ఆకూ కంపా, దాని మీద మట్టి, అన్నిటికీ పైన సౌడు మన్ను. సౌడు మన్నులో సోడియం ఎక్కువ. తడవగానే ఆ బంకమన్ను రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్లు లోపలికి ఇంకకుండా వాలు వెంట జారిపోతాయి. అందుకే ఏటా వానలకు ముందు కొత్త సౌడు పోసి మిద్దె సరిచేసేవాళ్లు. ఆ మిద్దె కింద మధ్యాహ్నం పడుకున్నవాళ్లకు దాని సుఖం తెలుసు. కానీ మిద్దె పనిచేసేది బరువుతో. అడుగు మందం మట్టి మధ్యాహ్నపు వేడిని అర్ధరాత్రి దాకా లోపలికి రానివ్వదు, అప్పటికి జనం బయట మంచాలేసుకుని పడుకునేవాళ్లు. గడ్డి పనిచేసేది తేలికతనంతో. రెండూ చల్లదనమే ఇస్తాయి, దారులు వేరు.

మీ స్లాబు మీద జానెడు కాదు, ఆరంగుళాల మట్టి పోసినా ఏమవుతుందో చూడండి. మట్టి ఘనపు మీటరుకు 1600 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకు 240 కిలోలు. మీ ఇంటి మొత్తం మీద 20 టన్నులు, అదీ పొడి మట్టి. వాన పడితే ఇంకా ఎక్కువ. మనుషులు ఎక్కే స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు భారానికి డిజైన్ చేస్తారు. పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ డిజైన్ కూడా ఉండదు, మేస్త్రీ అనుభవమే డిజైను. కాబట్టి మట్టి వద్దు. ఈ మాట నాన్నగారికి బరువు లెక్క చూపించి చెప్పండి, మిద్దె పాతకాలపు చాదస్తమని మాత్రం అనకండి, అది చాదస్తం కాదు. దూలాలు, మందపాటి గోడలు ఆ బరువు కోసమే కట్టినవి.

ఇంకో అపోహ కూడా ఉంది. గోడ మట్టిలో గడ్డి, ఊక, పెండ కలిపితే గోడ ఇన్సులేషన్ అయిపోతుందని అనుకుంటారు. అలా కలిపేది పగుళ్లు రాకుండా. కలిసిన గడ్డి కొంచెమే కాబట్టి గోడ మట్టి గోడలాగే ప్రవర్తిస్తుంది. వేడి ఆగాలంటే లెక్క తిరగబడాలి, గడ్డే ఎక్కువ ఉండి మట్టి దానికి అంటుకునే పూత మాత్రమే కావాలి. అలాంటి గోడ బరువు మోయదు, స్తంభాల మధ్య నింపడానికే పనికొస్తుంది. గడ్డి కట్టలతోనే గోడలు కట్టే పద్ధతీ ఉంది. గడ్డిని కట్టలు కట్టే యంత్రాలు వచ్చాక, 1800ల చివర్లో అమెరికాలోని నెబ్రాస్కాలో, కలప దొరకని ఇసుక దిబ్బల ప్రాంతంలో మొదలైంది. మన దగ్గర బేలర్లు చుట్టేవి ఎక్కువగా గుండ్రటి కట్టలు, అవి ఇటుకల్లా పేర్చడానికి కుదరవు. కొత్త ఇల్లు కట్టేవాళ్లు అడిగితే దాని గురించి విడిగా రాస్తాను.

తమ్ముడి థర్మోకోల్ తప్పేం కాదు. నీళ్లు పెద్దగా పీల్చదు, చెదలు దాన్ని తిని బతకవు. స్లాబు మీద బట్టలు, మిరపకాయలు ఆరబెట్టుకుంటూ రోజూ తిరగాలంటే, టైల్స్ కింద వేయాల్సింది అలాంటి సరుకే. ఊకనో గడ్డినో టైల్స్ కింద పాతిపెట్టడం నాకు అసలు నచ్చని పని. సందుల్లోంచి చెమ్మ దిగితే ఆరే దారి ఉండదు, లోపల కుళ్లినా పైకి కనబడదు. మొక్కల నుంచి వచ్చిన ఏ సరుకైనా గాలి తగిలే చోట, కంటికి కనబడే చోట, రేపు తీసి మార్చగలిగే చోట ఉండాలి. థర్మోకోల్ వేస్తే మాత్రం మూత లేకుండా వదలకండి. ఎండకు పొడిపొడి అవుతుంది, నిప్పు తగిలితే నల్లటి పొగతో మండుతుంది. ఘనపు మీటరుకు ఎక్కువ బరువుండే గట్టి రకం అడగండి, ప్యాకింగ్‌కు వాడే పెళుసు షీట్లు టైల్స్ కింద అణిగిపోతాయి.

మీకు నేను సూచించే వరస ఇది. మొదట స్లాబు మీద పగుళ్లుంటే పూడ్పించి, వాలు సరిచూసి, తెల్ల సున్నం కొట్టించండి. కొత్త సున్నం మీద పడిన ఎండలో నాలుగింట మూడు వంతుల దాకా వెనక్కి పోతుంది. దుమ్ము పడితే ఈ గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా మాఘంలో మళ్లీ కొట్టాలి. ఇది ఇన్సులేషన్ కాదు, కానీ ఇంత తక్కువ ఖర్చులో ఇంత తేడా ఇంకేదీ చూపించదు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలోని ప్రధాన ఆలోచన కూడా ఇదే, ఎండను వెనక్కి కొట్టే కప్పులు. మిగతా పనులకు డబ్బు కూడే లోపు ఈ ఒక్కటి చేసినా ఈ ఎండాకాలం తేడా తెలుస్తుంది.

రెండోది నీడ. మీ వైపు తాటిచెట్లకు కొదవ లేదు. స్లాబు మీద తాటి కమ్మల పందిరి వేయండి, పక్కలు తెరిచి ఉంచండి. కమ్మ పైన కాలుతుంది, కింద గాలి ఆ వేడిని తీసుకుపోతుంది, స్లాబుకు నీడే మిగులుతుంది. స్లాబు మీద కమ్మలు నేరుగా పరచడం కన్నా ఎత్తుమీద పందిరి మేలు, ఎందుకంటే రాత్రిపూట స్లాబుకు గాలి తగిలి చల్లబడే వీలుంటుంది. కోళ్లు కింద దూరతాయని అడుగు ఎత్తులో వేసి పక్కలు మూసేసినవాళ్లను చూశాను, అది మళ్లీ వేడి గది అవుతుంది. రెండు మూడేళ్లకోసారి కమ్మలు మార్చాలి. ఏప్రిల్, మే గాలిదుమారాలకు ఎగిరిపోకుండా పిట్టగోడలో దింపిన ఇనుప కొక్కేలకు కట్టుకోండి. తాళ్లెక్కే మనిషి దొరకడమే ఈ రోజుల్లో కష్టం, కూలీ ముందే మాట్లాడుకోండి.

అంతకన్నా శాశ్వతంగా కావాలంటే, మీకు నేను చెప్పే అసలు పద్ధతి రేకుల నీడ కింద ఊక సంచులు. ఈ మధ్య పల్లెల్లో కూడా స్లాబు మీద ఇనుప పైపులు నిలిపి రేకులు వేయించుకుంటున్నారు కదా. అవి ఉంటే వాన సమస్య తీరింది. వాటి కింద స్లాబు మీద ఒక వరస ఇటుకలు పేర్చి, వాటి మీద వెదురు తడకలు వేసి, వాటి మీద ఊక నింపిన బియ్యం సంచులను పక్కపక్కన పడుకోబెట్టండి. మందం నాలుగైదు అంగుళాలు వచ్చేలా, మరీ బిగించి నింపకుండా. ఊక ఘనపు మీటరుకు 100 కిలోలే, కాబట్టి ఇంటి మొత్తం మీద టన్ను లోపే. ఒక్కో సంచి నాలుగైదు కిలోలు తూగుతుంది, ఆడవాళ్లయినా జరిపి కింద ఊడ్చుకోవచ్చు. 900 అడుగులకు 200 దాకా సంచులు పడతాయి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు పడుకునే గది మీద వేసి చూడండి.

ఎంత తేడా వస్తుందంటే, ఇళ్లకు కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి ఉంది. లోపలా బయటా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు కప్పులో ప్రతి చదరపు మీటరు నుంచి 1.2 వాట్ల కన్నా ఎక్కువ వేడి దాటకూడదని అది చెబుతుంది. మీ స్లాబుకు ఇప్పుడు ఆ అంకె మూడున్నర దగ్గర ఉంటుంది. నాలుగంగుళాల ఊక కాగితం మీద దాన్ని అర వాటుకు దించుతుంది. సంచుల మధ్య సందులు, పలుచబడే అంచులు లెక్కేసుకుని ఒకటి లోపు అనుకోండి, అదైనా నియమం కన్నా మెరుగే.

గడ్డి కాకుండా ఊకే ఎందుకంటే మూడు కారణాలు. ఊకలో సిలికా ఎక్కువ, కాల్చితే అయిదో వంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో అధిక భాగం సిలికాయే. అందుకే అది తొందరగా కుళ్లదు, చెదలకు అంత రుచించదు. గింజ ఉండదు కాబట్టి ఎలుకలకు తిండి లేదు, ఎలుకలు లేకపోతే పాములూ రావు. గడ్డిలో ఎక్కడో ఒకచోట వెన్ను మిగిలిపోతుంది. పైగా గడ్డి ఎండాకాలంలో పశువులకు మేత, దాన్ని కప్పు మీద పెట్టి మళ్లీ మేత కొనుక్కోవడం ఏం లాభం? అయితే మిర్యాలగూడ మిల్లుల్లో ఊక ఊరికే ఇస్తారని అనుకోకండి. ఉప్పుడు బియ్యం మిల్లులు దాన్ని తమ బాయిలర్లలోనే కాల్చుకుంటాయి, ఇటుక బట్టీల వాళ్లు కూడా కొంటారు. ఊళ్లో చిన్న మిల్లుంటే అక్కడ అడగండి.

ఊక కన్నా ఆ బాయిలర్ల నుంచి వచ్చే నల్ల బూడిద తేలిగ్గా దొరకొచ్చు. అదీ మంచి ఇన్సులేషనే, ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన ఈ బూడిదే కప్పుతారు. చాలావరకు కాలిపోయిన సరుకు, చెదలు తినదు. సంచుల్లో నింపేటప్పుడు మాత్రం మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గాలికి లేస్తుంది కాబట్టి సన్నటి నేత సంచి కావాలి. బరువు ఊక కన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది, అయినా స్లాబుకు లెక్కలోది కాదు.

చెదల సంగతి. మన చల్క నేలల్లో చెద లేని ఊరు లేదు. చెద నేల నుంచి గోడల మీద మట్టి గొట్టాలు కట్టుకుంటూ ఎక్కుతుంది, అందుకే ఇటుకల మీద ఎత్తుగా, కింద కనబడేలా పెట్టమన్నాను. నెలకోసారి టార్చి వేసి చూసి, గొట్టం కనబడితే దులిపేయండి. ముందు జాగ్రత్తగా వెలిగారం, బోరిక్ పౌడర్ నీళ్లలో కరిగించి ఊక మీద చల్లి, ఎండలో బాగా ఆరబెట్టి నింపవచ్చు. క్యారమ్స్ బోర్డు మీద చల్లుకునే పౌడర్ చాలావరకు ఈ బోరిక్ పౌడరే. ఇది చెదనూ నిప్పునూ రెంటినీ నెమ్మదింపజేస్తుంది, పాత పేపర్ల నుంచి తయారయ్యే సెల్యులోజ్ ఇన్సులేషన్‌లోనూ కలిపేది బోరాన్ లవణాలే. తడిస్తే కరిగిపోతుంది, అందుకే ఇక్కడ కూడా వాన తగలకపోవడమే ముఖ్యం. ఇలా మందు పెట్టిన ఊకను, గడ్డిని తర్వాత పశువులకు గానీ కోళ్ల కిందికి గానీ వాడొద్దు.

నిప్పు విషయంలో మెత్తగా చెప్పను. తాటి కమ్మ, విడి గడ్డి మంటకు ఆగవు. వంటింటి పొగగొట్టం, కరెంటు తీగ, జాయింట్లు, ఇన్వర్టరు దరిదాపుల్లోకి రాకూడదు. దీపావళికి స్లాబు మీద టపాసులు మానేయాలి. పందిరి పక్కింటి గుడిసెకు ఆనుకుని ఉంటే అసలు వేయకండి, రేకుల పద్ధతికే పొండి. ఊక మంటలేకుండా లోలోపల రగులుతుంది, ఆ రగులుడు కనిపెట్టడం కష్టం. అందుకే సంచుల మధ్య ఐదారు అడుగులకోసారి ఒక వరస ఇటుకలు అడ్డం పెట్టండి, నిప్పు పాకకుండా.

పడమటి గోడకు పెద్ద పనేం వద్దు. గోడకు రెండడుగుల దూరంలో కంది కట్టె దడి కట్టి, వానాకాలంలో దాని మీదికి చిక్కుడో సొరో పాకించండి. పత్తి కట్టె కూడా గట్టిగానే ఉంటుంది గానీ వద్దు. గులాబీ రంగు పురుగు ఆ కట్టెలో, ఎండు కాయల్లో దాక్కుని వచ్చే పంటకు దిగుతుంది. చేను పక్కనే ఇల్లున్న మీకు అది కోరి తెచ్చుకున్న టెన్షన్.

పని సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పెట్టుకోండి. వానాకాలం వడ్లు ఆడిన కొత్త ఊక దొరుకుతుంది, గాలిలో తేమ తక్కువ, ఎండ ఇంకా ముదరదు. రేకులు ఇదివరకే ఉన్నాయా, పిట్టగోడ ఎత్తెంత, స్లాబు కింద చెమ్మ మరకలేమైనా కనబడుతున్నాయా అన్నది రాయండి. చెమ్మ ఉంటే సంచుల మాట పక్కనపెట్టి ముందు దాని పని చూడాలి.